గృహహింస కూడా రైతు సమస్యే
చట్టం మండలానికి రావాలి, భూమి మీద ఆమె పేరు ఉండాలి

(రైతు సంఘం మండల సభలో చేసిన ప్రసంగ పాఠం)

ఈ అంశం ఎజెండాలో పెట్టినప్పుడు కొందరు అన్నలు అడిగారు. గిట్టుబాటు ధర సమస్య ఉంది, యూరియా కోసం లైన్లు ఉన్నాయి, కౌలు రైతుకు కార్డు రావటం లేదు, ఇన్ని ఉండగా మొగుడూ పెళ్ళాల గొడవ రైతు సంఘానికి ఎందుకు అని. అడగాల్సిన ప్రశ్నే అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పటానికే ఈ మాటలు.

మన వ్యవసాయం ఇంటి మీద ఆధారపడి నడుస్తుంది. నాటు వేసేది, కలుపు తీసేది, పత్తి ఏరేది, మిర్చి కోసేది, గేదెకు గడ్డి వేసి పాలు పిండేది, కూలీలను పిలుచుకొచ్చి వాళ్ళకు అన్నం పంపేది ఎక్కువగా ఆడవాళ్ళే. ఆ మనిషిని ఒక రాత్రి కొట్టి బయటికి గెంటితే ఆమెకు పోయేది ఒక్క ఇల్లు కాదు. ఉద్యోగం చేసే ఆమెకు ఇల్లు పోయినా ఉద్యోగం మిగులుతుంది. మన అక్కకు ఇంటితోపాటే చేను పోతుంది, సగం పెరిగిన పంట పోతుంది, గేదె పోతుంది, రేషన్ కార్డులో భాగం పోతుంది, ఉపాధి పని జాబ్ కార్డు మొగుడి ఇంట్లో ఉండిపోతుంది. ఆమె పేరు మీద డ్వాక్రాలో తీసుకున్న అప్పు మాత్రం ఆమె వెంటే వస్తుంది. ఆ డబ్బుతో కొన్న ఎరువు ఆయన చేనులో ఉంటుంది, కిస్తీ కట్టమని గ్రూపు సభ్యులు ఆమె పుట్టింటికి వస్తారు.

ఒక రైతు భూమి పోగొట్టుకుంటే మన సంఘం జెండా పట్టుకుని వెళుతుంది. పాస్‌బుక్‌లో పేరు లేని రైతు, ముప్పై ఏళ్ళు ఆ చేనులో వంగి పనిచేసిన రైతు, ఒక్క రాత్రిలో భూమి పోగొట్టుకుంటే వెళ్ళదా? ఆమె కూడా రైతే. అందుకే ఇది మన సమస్య.

ఇది ఎక్కడో ఒక ఇంట్లో జరిగేది అనుకోవద్దు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 18 నుంచి 49 ఏళ్ళ మధ్య ఉన్న, పెళ్ళయిన ఆడవాళ్ళను అడిగారు. భర్త చేతిలో ఎప్పుడైనా శారీరక హింసో లైంగిక హింసో జరిగిందని చెప్పినవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 100కు 30 మంది, తెలంగాణలో 100కు దాదాపు 37 మంది. దేశం మొత్తం మీద 29 మంది. అదే సర్వేలో ఇంకో ప్రశ్న ఉంది. ఏదో ఒక కారణానికి భర్త కొట్టడం సబబేనా అని అడిగితే, మన రెండు రాష్ట్రాల్లోనూ 100 మంది ఆడవాళ్ళలో 80 మందికి పైగా సబబేనన్నారు. దెబ్బలు తిని సాయం అడిగినవాళ్ళు దేశం మొత్తం మీద 100కు 14 మందే. అంటే పోలీస్ స్టేషన్ రిజిస్టర్లలో కనిపించేది చాలా తక్కువ. మిగతాదంతా ఇళ్ళలోనే ఉంది, మన ఇళ్ళలోనే ఉంది.

పంట పోయింది, అప్పుల వాళ్ళు గుమ్మంలో కూర్చున్నారు, ఆ బాధలో చెయ్యి చేసుకున్నాడు అంటారు. పంట ఆమెది కూడా పోయింది కదా. పెట్టుబడికి పుస్తెలతాడు తీసి ఇచ్చింది ఆమే కదా. తాగి కొట్టాడు అంటారు. సారా మీద మన ఆడవాళ్ళు చేసిన పోరాటం మనకు తెలియనిది కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలై రాష్ట్రమంతా పాకింది, 1993 అక్టోబర్ 1న సారా నిషేధం తెచ్చింది. ఇవాళ ఊరూరా బెల్టు షాపులున్నాయి, వాటి మీద పోరాటం ఆగకూడదు. కానీ తాగని ఇంట్లోనూ దెబ్బలున్నాయి. తాగిన మనిషి కూడా షావుకారును కొట్టడు, ఎస్ఐని కొట్టడు. ఎవరిని కొడితే అడిగేవాళ్ళు లేరో వాళ్ళనే కొడతాడు. అడిగేవాళ్ళు ఉండాలి. అడిగే పని చట్టం చెయ్యాలి, సంఘం చెయ్యాలి.

ఇక చట్టం సంగతి. చాలామందికి తెలిసింది 498ఎ ఒక్కటే. 1983లో వచ్చిన ఆ సెక్షన్ 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 85, 86 సెక్షన్లుగా ఉంది. భర్త గానీ అతని బంధువులు గానీ క్రూరంగా హింసిస్తే మూడేళ్ళ దాకా జైలు. అది శిక్ష వేసే చట్టం. మన అక్కల్లో ఎక్కువమందికి కావాల్సింది మొగుణ్ణి జైల్లో పెట్టించడం కాదు. దెబ్బలు ఆగాలి, పిల్లలతో తలదాచుకోవటానికి ఇల్లుండాలి, తిండికి దారి ఉండాలి. దాని కోసం వేరే చట్టం ఉంది. గృహహింస నుంచి మహిళల రక్షణ చట్టం, 2005. అది 2006 అక్టోబర్ 26 నుంచి అమల్లో ఉంది. దీంట్లో మన రైతు కుటుంబాలకు పనికొచ్చేవి కొన్ని చెప్పుకుందాం.

మొదటిది ఇల్లు. 17వ సెక్షన్ ప్రకారం ఆ ఇంటి మీద ఆమెకు ఎలాంటి హక్కు పత్రం లేకపోయినా, ఆమె కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కు ఆమెకుంది. "ఇల్లు మా నాన్న పేరు మీద ఉంది, నీకేం సంబంధం, పో" అంటే చెల్లదు. ఇల్లు అత్తామామల పేరు మీద ఉన్నా అది కలిసి కాపురం చేసిన ఇల్లే కావచ్చని 2020 అక్టోబర్ 15న సుప్రీంకోర్టు సతీష్ చందర్ అహూజా కేసులో చెప్పింది. ఆమెను గెంటెయ్యకుండా, కావాలంటే కొట్టిన మగమనిషినే ఇంట్లోంచి బయటికి పంపేలా మేజిస్ట్రేట్ నివాస ఉత్తర్వు ఇవ్వొచ్చు. అక్కడ ఉండటం కుదరకపోతే అలాంటి ఇల్లే వేరేచోట చూపించమనో, అద్దె కట్టమనో చెప్పొచ్చు.

రెండోది ఆస్తి. ఇది మన రైతులు బాగా గుర్తుంచుకోవాలి. 18వ సెక్షన్ కింద ఇచ్చే రక్షణ ఉత్తర్వు దెబ్బలు ఆపడానికి మాత్రమే కాదు. ఇద్దరి పేరు మీద ఉన్న ఆస్తిని గానీ, అతని ఒక్కడి పేరు మీద ఉన్న ఆస్తిని గానీ కోర్టు అనుమతి లేకుండా అమ్మకుండా ఆపవచ్చు. బ్యాంకు ఖాతాలు వాడకుండా కూడా ఆపవచ్చు. మేం వెంట వెళ్ళిన ఒక కేసులో ఇదే జరిగింది. భార్య పుట్టింటికి వెళ్ళిన పది రోజులకే రెండెకరాలకు బేరం కుదిరింది, బయానా కూడా తీసుకున్నారు. భరణం అడిగితే ఇవ్వటానికి ఏమీ మిగలకూడదని ఆలోచన. లీగల్ ఎయిడ్ వకీలు మధ్యంతర ఉత్తర్వు అడిగారు, అమ్మకం ఆగింది. ఆ ఉత్తర్వు కాగితాన్ని రిజిస్ట్రేషన్ ఆఫీసుకు మోసుకెళ్ళింది మాత్రం ఆమే, వెంట మేము. ఒక్క రోజు ఆలస్యమైతే ఆ రెండెకరాలు చేతులు మారేవి.

మూడోది డబ్బు. ఈ చట్టం హింసను నాలుగు రకాలుగా చెప్పింది. శారీరక హింస, లైంగిక హింస, మాటలతో మనసును హింసించడం, ఆర్థిక హింస. ఆమె బంగారం లాక్కోవడం, తిండికి పిల్లల చదువుకు డబ్బు ఇవ్వకపోవడం, ఇంట్లో ఆమె వాడుకునేవి వాడుకోనివ్వకపోవడం ఆర్థిక హింసలోకి వస్తాయి. ఒంటి మీద దెబ్బ కనబడాల్సిన పని లేదు. ఆమెకు, పిల్లలకు భరణం, వైద్యం ఖర్చు, పోయిన కూలి, పాడుచేసిన వస్తువుల నష్టం ఇప్పించమని 20వ సెక్షన్ కింద అడగొచ్చు. స్త్రీధనం తిరిగి ఇప్పించమని అడగొచ్చు. నష్టపరిహారం వేరుగా ఉంది.

నాలుగోది ఎవరు అడగొచ్చు అనేది. భార్య ఒక్కతే కాదు. తల్లి, అక్కచెల్లెళ్ళు, కలిసి ఉన్న కుటుంబంలో ఏ ఆడమనిషైనా అడగొచ్చు. కొడుకు గెంటేసిన తల్లికీ ఇదే చట్టం. మన సంఘానికి మరీ దగ్గరైన మాట ఒకటుంది. రైతు ఆత్మహత్య జరిగిన ఇంటికి మనం వెళతాం, ఎక్స్‌గ్రేషియా కోసం తిరుగుతాం. ఏడాది తిరిగేసరికి ఆ చెల్లెలు ఆ ఇంట్లో ఉండదు. "నా కొడుకును తినేసింది" అని అత్త, "అప్పు నువ్వే తీర్చు" అని బావ, ఆఖరికి చిన్నపిల్లలతో పుట్టింటికి చేరుతుంది. భర్త చనిపోయిన స్త్రీకి కూడా ఆ ఇంట్లో ఉండే హక్కు ఉందని 2022 మే 12న ప్రభా త్యాగి కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. అత్త, ఆడపడుచు మీద కూడా ఈ చట్టం కింద అర్జీ పెట్టొచ్చని 2016లోనే తీర్పు వచ్చింది. భూమి సంగతి వేరు. భర్త సొంత ఆస్తిలో భార్యకు, కొడుకులకు, కూతుళ్ళకు, తల్లికి సమాన వాటాలని హిందూ వారసత్వ చట్టం చెబుతోంది. విరాసత్ చేయించేటప్పుడు ఆమె పేరు వదిలేసి కొడుకుల పేర్లు మాత్రమే రాయించే పెద్దమనుషులు ఉన్నారు. అక్కడ సంఘం ఉండాలి.

ఐదోది ఎంత కాలం అనేది. అర్జీ పెట్టిన మూడు రోజుల్లోపు మొదటి వాయిదా వెయ్యాలని, మొదటి వాయిదా నుంచి 60 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టంలో రాసి ఉంది. ఆగలేని పరిస్థితి ఉంటే అవతలి వాళ్ళు రాకముందే మధ్యంతర ఉత్తర్వు ఇచ్చే అధికారం మేజిస్ట్రేట్‌కు ఉంది. ఆమె ప్రస్తుతం ఎక్కడ ఉంటోందో ఆ ఊరి కోర్టులోనే అర్జీ పెట్టొచ్చు, అత్తగారి ఊరికి పోవాల్సిన పని లేదు. ఉత్తర్వు కాపీ ఉచితంగా ఇవ్వాలి. ఉత్తర్వును మొగుడు లెక్కచెయ్యకపోతే ఏడాది దాకా జైలు, లేదా 20,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

ఇక్కడ మన తమ్ముళ్ళలో కొందరికి ఒక అనుమానం. "కేసు పెట్టగానే మమ్మల్ని, మా అమ్మను జైలుకు పంపిస్తారు, తప్పుడు కేసులు పెడతారు" అని. 2005 చట్టం కింద అర్జీ పెడితే ఎవరినీ జైలుకు పంపరు. కోర్టు ఏం చెయ్యకూడదో చెబుతుంది. చెప్పింది వినకపోతేనే జైలు. 498ఎ కింద కూడా విచారణ లేకుండా అలవాటుగా అరెస్టులు చెయ్యొద్దని 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. చెయ్యి ఎత్తని మగవాడు ఈ చట్టానికి భయపడాల్సింది ఏమీ లేదు.

ఇంత మంచి చట్టం ఉంటే మరి మన అక్కలకు ఎందుకు అందటం లేదు? మూడు అడ్డంకులు కనిపిస్తున్నాయి.

మొదటి అడ్డంకి దూరం. ఈ చట్టానికి వెన్నెముక రక్షణ అధికారి. ఆమె చెప్పింది రాసుకుని, జరిగిన హింస మీద నివేదిక తయారు చేసి మేజిస్ట్రేట్‌కు పంపాల్సింది, వకీలును, వసతిని, వైద్యాన్ని చూపించాల్సింది ఆ అధికారే. మన దగ్గర ఈ పని జిల్లా స్థాయిలో ఉండే స్త్రీ శిశు సంక్షేమ అధికారికి అదనపు పనిగా ఉంది. ఆ అధికారికి అంగన్‌వాడీలున్నాయి, పౌష్టికాహారం ఉంది, బాల్యవివాహాలున్నాయి, మీటింగులున్నాయి. జిల్లా కేంద్రానికి పోయి రావటానికి ఒక రోజు కూలి పోతుంది. పోయాక "మేడం మీటింగ్‌లో ఉన్నారు" అంటే రెండో రోజు కూలి పోతుంది. రెండు రాష్ట్రాల్లోనూ ఆడవాళ్ళకు బస్సు ఉచితమైంది కాబట్టి చార్జీ మిగిలింది, కూలి మిగల్లేదు. 2025 మే 20న సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నిటికీ చెప్పింది, జిల్లాలోనూ తాలూకా స్థాయిలోనూ రక్షణ అధికారులను గుర్తించి నియమించాలని, అందుకు ఆరు వారాలు గడువు కూడా పెట్టింది. మన మండలంలో ఆ అధికారి ఎవరో తహసీల్దారు ఆఫీసు గోడ మీద పేరు, ఫోను నంబరు రాసి ఉండాలి. రాసి ఉందా? రేపు వెళ్ళి చూద్దాం. లేకపోతే అర్జీ ఇద్దాం.

రెండో అడ్డంకి కాగితం. దెబ్బలు తిన్న మనిషి ఆర్‌ఎంపీ దగ్గర కట్టు కట్టించుకుని, మాత్రలు మింగి ఇంటికి వస్తుంది. నాలుగో నెలలో కోర్టుకు పోతే రుజువేది అంటారు. ఎంత రాత్రయినా ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుపోవాలి, ఎవరు కొట్టారో చెప్పి చీటీ రాయించుకోవాలి. స్టేషన్‌కు పోతే "పొద్దున రండి, మీ ఆయన్ని పిలిపించి మాట్లాడతాం" అంటారు. ఈ చట్టం కింద ఆమెకు ఏ సాయాలున్నాయో, రక్షణ అధికారి ఎక్కడ ఉంటారో, ఉచిత వకీలు ఎలా దొరుకుతారో చెప్పాల్సిన బాధ్యత పోలీసు మీద ఉంది. అది 5వ సెక్షన్‌లో రాసి ఉంది. ఆ మాట మనకు తెలిసి ఉంటే అక్కడ నిలబడి అడగగలం. రక్షణ అధికారి నివేదిక లేకపోయినా మేజిస్ట్రేట్ ఉత్తర్వు ఇవ్వొచ్చని ఇందాక చెప్పిన 2022 తీర్పులోనే ఉంది. నివేదిక రాలేదని ఎవరైనా వెనక్కి పంపితే ఈ తీర్పు చూపించాలి.

మూడో అడ్డంకి పెద్దది. అది తిరిగి పోవటానికి చోటు లేకపోవడం. కోర్టు ఉత్తర్వు ఇచ్చేలోపు ఎక్కడ ఉండాలి? ఏం తినాలి? పుట్టింట్లో వదినె ముఖం చూసి నాలుగు రోజులకు మళ్ళీ అదే ఇంటికి పోతుంది. అందుకే చట్టం గురించి ఎంత చెప్పినా ఆఖరికి భూమి దగ్గరకే రావాలి.

కేరళలో బీనా అగర్వాల్, ప్రదీప్ పండా అనే ఇద్దరు పరిశోధకులు తిరువనంతపురం జిల్లాలో దాదాపు 500 మంది ఆడవాళ్ళను అడిగి 2005లో ఒక అధ్యయనం ప్రచురించారు. భూమి గానీ ఇల్లు గానీ లేని ఆడవాళ్ళలో 100కు 49 మంది భర్త చేతిలో శారీరక హింస చూశామన్నారు. భూమి ఉన్నవాళ్ళలో అది 18 మంది. ఇల్లు ఉన్నవాళ్ళలో 10 మంది. రెండూ ఉన్నవాళ్ళలో 7 మంది. లెక్క చూడండి. నలభై తొమ్మిది ఎక్కడ, ఏడు ఎక్కడ! ఆమెకు బయటికి నడిచే దారి ఉందని తెలిస్తే చెయ్యి ఎత్తేవాడు ఆలోచిస్తాడు. కొట్టాక రక్షించేది చట్టం, కొట్టకముందే ఆపేది పట్టా.

మన దగ్గర ఆ పట్టా ఎవరి పేరు మీద ఉంది? 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో సాగు కమతాల్లో ఆడవాళ్ళ పేరు మీద ఉన్నవి 100కు 14. పాస్‌బుక్ మగవాడి పేరు మీద ఉంటే పెట్టుబడి సాయం ఆయన ఖాతాలో పడుతుంది, పంట రుణం ఆయనకే, ధాన్యం డబ్బు ఆయనకే, నష్టపరిహారం కూడా ఆయనకే. కౌలు కార్డు వచ్చినా అది ఆయన పేరునే. ఇన్ని చోట్ల ఆమె పేరు లేకపోతే, ఆమె ఆ ఇంట్లోంచి బయటికి వచ్చిన రోజు ప్రభుత్వం లెక్కలో ఆమె రైతే కాదు.

ఆడపిల్లకు పుట్టింటి ఆస్తిలో కొడుకుతో సమానంగా హక్కు ఇచ్చిన మొదటి రాష్ట్రాల్లో మనది ఒకటి. 1985 సెప్టెంబర్ 5 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అది చట్టమైంది, కానీ అప్పటికే పెళ్ళయిన ఆడబిడ్డలకు వర్తించలేదు. 2005 కేంద్ర సవరణ ఆ తేడా తీసేసింది. 2005 నాటికి తండ్రి బతికి ఉండాల్సిన పని లేదని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. నలభై ఏళ్ళుగా చట్టం ఉంది. ఊళ్ళలో జరిగేది ఏమిటి? పెళ్ళిలో కట్నం ఇచ్చాం, పసుపు కుంకుమ కింద బంగారం పెట్టాం అని చెప్పి, అన్నదమ్ములు వాటా వదులుకున్నట్టు చెల్లెలి చేత సంతకం పెట్టిస్తారు. ఆ సంతకం పెట్టిన రోజు సంతోషంగానే ఉంటుంది, చీర కూడా పెడతారు. కానీ అన్నలూ, ఒక్కటి ఆలోచించండి. చెల్లెలు దెబ్బలు తిని రాత్రి వచ్చి తలుపు కొట్టేది మన తలుపే. ఆమె సంతకం తీసుకుంటే ఆమె తిరిగి రావటానికి ఉన్న ఒకే దారి మూసేసినట్టు. అరెకరం ఆమె పేరున ఉంటే ఆమె మన ఇంటికి చుట్టంగా రాదు, తన చేనుకు తాను వస్తుంది.

కాబట్టి మన సంఘం ముందు రెండు రకాల పనులున్నాయి. ప్రభుత్వాన్ని అడగాల్సినవి, మనం చెయ్యాల్సినవి.

ప్రభుత్వాన్ని అడగాల్సినవి ఇవి.

ఒకటి, ప్రతి మండలానికి ఈ పని కోసమే రక్షణ అధికారి ఉండాలి, వీలైనంతవరకు మహిళ అయి ఉండాలి, వాహనం, ఆఫీసు, సిబ్బంది ఉండాలి. అదనపు బాధ్యతగా ఇస్తే కాగితం మీద ఉన్నట్టే.

రెండు, అమ్మకం ఆపుతూ మేజిస్ట్రేట్ ఇచ్చిన ఉత్తర్వు కోర్టు నుంచే నేరుగా తహసీల్దారుకు, సబ్ రిజిస్ట్రార్‌కు, బ్యాంకుకు వెళ్ళాలి. భూమి రికార్డులో అది ఎక్కాలి. కాగితం మోసే పని ఆమె మీద పెట్టొద్దు.

మూడు, ప్రభుత్వం ఇచ్చే భూమి పట్టాలు, కౌలు కార్డులు భార్యాభర్తలిద్దరి పేరున, ఒంటరి మహిళకు ఆమె పేరునే ఇవ్వాలి. ఇళ్ళ పట్టాలు ఆడవాళ్ళ పేరున ఇవ్వగలిగిన ప్రభుత్వాలు సాగు భూమి విషయంలో ఎందుకు ఇవ్వలేవు? ఉన్న పాస్‌బుక్‌లో భార్య పేరు చేర్చుకునేవాళ్ళకు స్టాంపు డ్యూటీ, ఫీజు పూర్తిగా తీసెయ్యాలి.

నాలుగు, ఇల్లు వదిలి వచ్చిన మహిళకు భర్త సంతకం అడగకుండా వేరే రేషన్ కార్డు, జాబ్ కార్డు ఇవ్వాలి. ఆమె డ్వాక్రా అప్పుకు కేసు తేలేదాకా గడువు ఇవ్వాలి, వడ్డీ ఆపాలి.

ఐదు, 2015 నుంచి నడుస్తున్న సఖి కేంద్రాలు జిల్లా కేంద్రంతో ఆగకూడదు, రెవెన్యూ డివిజన్‌కు ఒకటి ఉండాలి. తాత్కాలిక వసతి పంట చేతికొచ్చేదాకా ఉండేలా కావాలి. ఐదు రోజుల్లో మనిషి బతుకు తేలదు.

ఆరు, 60 రోజుల గడువు దాటిన అర్జీలు ఎన్ని ఉన్నాయో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ప్రతి మూడు నెలలకూ చెప్పాలి.

ఇవి అడుగుతూ కూర్చుంటే చాలదు. మనం చెయ్యాల్సినవి ఈ నెల నుంచే మొదలుపెట్టొచ్చు.

ఊరి పంచాయితీల సంగతి ముందు చూడాలి. పెద్దమనుషులు కూర్చోవడం మన ఊళ్ళలో ఆగదు. కానీ మన సంఘం మనిషి అందులో కూర్చుంటే కొన్ని షరతులు ఉండాలి. ఆమె అడిగితేనే కూర్చోవాలి. ఆమె పక్కన ఆమె మనుషులుండాలి. "సర్దుకుపో అమ్మా" అన్న మాటతో మొదలుపెట్టకూడదు. ఒప్పుకున్నది కాగితం మీద రాయాలి. స్టేషన్‌కు, కోర్టుకు పోవద్దని ఎవరూ షరతు పెట్టకూడదు. దెబ్బలు తీవ్రంగా ఉంటే పంచాయితీ లేదు, ఆసుపత్రి, స్టేషన్ మాత్రమే. సంఘం సభ్యుడే ఇంట్లో కొట్టినవాడైతే అతను మన జెండా పట్టుకోవటానికి వీల్లేదని ఈ సభ తీర్మానం చెయ్యాలి.

ప్రతి ఊరి కమిటీలో ఇద్దరిని, అందులో ఒక ఆడమనిషిని, ఈ పనికి పెట్టుకుందాం. అంగన్‌వాడీ టీచరు, ఆశా కార్యకర్త, ఆంధ్రాలో అయితే సచివాలయం మహిళా పోలీసు, వాళ్ళతో మాట్లాడి పెట్టుకుందాం. హింస జరుగుతోందని తెలిస్తే ఎవరైనా సరే రక్షణ అధికారికి సమాచారం ఇవ్వొచ్చు. మంచి ఉద్దేశంతో ఇచ్చినవాళ్ళ మీద ఏ కేసూ ఉండదని 4వ సెక్షన్ చెబుతోంది. పక్కింట్లో అరుపులు వినబడితే "వాళ్ళ ఇంటి సంగతి" అని టీవీ సౌండ్ పెంచే అలవాటు పోవాలి. తలుపు కొట్టి "వదినా, కాస్త మజ్జిగ ఉందా" అని అడిగినా సరే, ఆ చెయ్యి ఆగుతుంది.

ఈ మూడు నంబర్లు ప్రతి ఇంట్లో ఉండాలి. ఆపద వస్తే 112. మహిళల హెల్ప్‌లైన్ 181. ఉచిత న్యాయ సహాయానికి 15100. ఆదాయం ఎంతున్నా సరే ఆడవాళ్ళకు వకీలును ఉచితంగా ఇవ్వాలని న్యాయ సేవల చట్టంలో ఉంది. తెల్లకార్డు చూపించమంటే చూపించక్కర్లేదు.

ఇల్లు వదలాల్సి వస్తుందని అనిపించే అక్కలకు ఒక మాట. ఆధార్, బ్యాంకు పుస్తకం, పిల్లల సర్టిఫికెట్లు, పాస్‌బుక్ నకలు, బంగారం తాకట్టు పెట్టిన రసీదు, డ్వాక్రా పుస్తకం ఫోటోలు తీసి నమ్మకమైన ఒకరి ఫోన్‌కు పంపి ఉంచండి. సర్వే నంబరు రాసి పెట్టుకోండి. ఆ నంబరు లేకపోతే అమ్మకం ఆపమని అడగటం కష్టం.

ఇక చివరి మాట. పాస్‌బుక్‌లో భార్య పేరు చేర్పించడం, చెల్లెలి వాటా చెల్లెలికి రాయించడం, ఈ రెండూ మన సంఘం నాయకుల ఇళ్ళ నుంచే మొదలవ్వాలి. వచ్చే మహాసభ నాటికి మన మండల కమిటీలో ఎంతమంది ఇళ్ళలో ఇద్దరి పేర్లున్నాయో లెక్క చదువుదాం. ధాన్యం కొనుగోలు లెక్క చదివినట్టే ఇదీ చదువుదాం.

తీర్మానం ప్రతులు మీ చేతుల్లో ఉన్నాయి. చదివి చర్చించండి, మార్పులుంటే చెప్పండి. సోమవారం ప్రజావాణిలో రక్షణ అధికారి నియామకం మీద అర్జీ ఇవ్వటానికి ఊరికి ఐదుగురు చొప్పున రావాలి. పేర్లు ఇక్కడే, ఇప్పుడే రాయించండి. ఆడవాళ్ళ పేర్లు ముందు.